నీళ్ళలో బరువు దించని కంచరగాడిదలు

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. కురవదు, తెరపివ్వదు. ప్రెస్సు గేటు దగ్గర ఏజెంటు మూగెద్దు పెట్టుడు మీసాన్ని మరోసారి నొక్కుకున్నాడు. మాటలో పొదుపరి కాబట్టి ఆఫీసులో అతనికా పేరు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగానే సాగింది. పాత యుద్ధంలో ఒక పదాతి డివిజన్ ముందుకు సాగిన దారిని బొమ్మల మ్యాపులుగా అచ్చు వేస్తున్నారు. వాటి చాటున ఇప్పటి రహస్య ఆయుధ డిపోల జాడ విదేశీ ముఠాకి చేరబోతోందని కబురు. ఎలాగో తెలియదు. మెషిన్ మెకానిక్ వేషంలో వెళ్ళాలి. లోపల మన మనిషి ఒకామె ఉంది, కోడ్ చెబితే బదులిస్తుంది.

బొమ్మలు గీసే గదిలో పట్టు స్కార్ఫు, నల్లకళ్ళద్దాలతో ఒకామె అటు తిరిగి కూర్చుని ఉంది.

“వాగు లోతెంత?” అన్నాడు.

“నడుములోతు.” ఆమె ఇటు తిరిగింది. అతన్ని ఎత్తుకుని పెంచిన అక్క. “మీసం ఊడొస్తోందిరా తమ్ముడూ.”

ఇద్దరూ ఒకే ఆఫీసు ఉప్పు తింటున్నారని ఇద్దరికీ అంతవరకూ తెలియదు. అతనికి గుండెల మీది బరువు దిగినట్టయింది. మ్యాపులన్నీ తాను జల్లెడ పట్టేశానని, వాటిలో ఏమీ లేదని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రమ్మని ఆమె చెప్పింది.

మెషిన్ దగ్గర మ్యాపు అచ్చు ప్లేటు అప్పటికే బిగించి ఉంది. అలవాటు కొద్దీ చూశాడు. సైనికులు, డేరాలు, వంతెనలు. వాగులు దాటుతున్న కంచరగాడిదలు. చాలావాటి వీపులు ఖాళీ. కొన్నిటి మీద మాత్రం పెట్టెలు అలాగే ఉన్నాయి.

నాన్న ఆ డివిజన్‌లోనే కంచరగాడిదల్ని తోలాడు. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అదే చెప్పేవాడు. నీళ్ళలోకి దించేముందు బరువు విప్పాలి, లేకపోతే జంతువు మునుగుతుంది. ఆ పెట్టెల్ని మనుషులే నెత్తిన మోసేవారట. అది వింటూ పెరిగిన అక్క పొరపాటున కూడా ఇలా గీయదు. పెట్టెలున్న వాగుల్లో ఒకటి అతనికి తెలుసు. దాని గట్టున ఉన్న డిపోకి తానే కాపలా కాశాడు.

అంటే పెట్టెలున్న ప్రతి వాగూ ఒక డిపో గుర్తు. గీసింది అక్కే.

ముందు హాల్లో విదేశీ కొనుగోలుదారు కాఫీ తాగుతూ మ్యాపుల మొదటి కట్ట కోసం ఎదురుచూస్తున్నాడు. ప్లేటు పగలగొడితే ముఠా జారుకుంటుంది, మరో దారి వెతుక్కుంటుంది. మూగెద్దు ఆఫీసు ఇచ్చిన పెన్ను తీశాడు. దాంతో ప్లేటు మీద ఏం గీసినా ఇంకు పట్టి అచ్చులోకి దిగుతుంది. ఖాళీగా ఉన్న ప్రతి వీపుకీ పెట్టెలు కట్టుకుంటూ పోయాడు. బెల్లు మోగింది. చివరి కంచరగాడిదకి పెట్టె గీసి చెయ్యి లాక్కున్నాడో లేదో, రోలర్లు తిరిగాయి.

ఇక ఏది డిపోనో ఏది ఉత్త వాగో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. కొనుగోలుదారు కట్టని చంకన పెట్టుకుని మురిసిపోతూ వెళ్ళాడు. అతని వెనకే ఆఫీసు మనుషులు.

మధ్యాహ్నం అక్క ఇంట్లో అచ్చయిన మ్యాపు ఒకటి బల్ల మీద పరిచాడు. ఆమె కళ్ళద్దాలు తీసి చూసింది.

“నిన్నే పంపుతారనుకోలేదురా.”

“నాన్న మాట ఇద్దరం విన్నాం కదక్కా.”

ఎందుకు చేశావని అతను అడగలేదు. ఆమె లేచి రెండు కంచాలు పెట్టింది. చిన్నప్పటిలాగే ముందు అతనికి వడ్డించింది. అతను మీసం పీకి కంచం పక్కన పెట్టుకున్నాడు. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. మెతుకు మిగల్చలేదు.

గుమ్మం ముందు అక్కని తీసుకెళ్ళడానికి వచ్చిన ఆఫీసు జీపు ఇంజన్ ఆపకుండా కాచుకుని ఉంది. పెట్రోలు సర్కారుదేగా.