రూతు నవ్వు

పొద్దున ఆరున్నరకు రూతు నవ్వు వినబడితే కార్వేటినగరంలో ఆ వీధికి తెల్లారినట్టే. పదహారేళ్ల పిల్ల. మాట రాదు, పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయి నడవలేదు. పదకొండేళ్లుగా తల్లి ఎస్తేరు రోజూ ఆముదం రాసి ఆ కాళ్లు మడిచి చాపుతోంది. కాలు వంచగానే పిల్ల పకపకా నవ్వుతుంది.

“నా చెయ్యి పడితే సాలు, ఎట్ట నవ్వుతాదో సూడండి” అని చుట్టాలందరికీ చూపించుకునేది ఎస్తేరు. ఏం గర్వమో ఆ తల్లికి! “అది నవ్వు మాదిరి లేదే” అని భర్త ఏబెల్ ఒకసారి అన్నందుకు, “కన్నదాన్ని, నాకు తెలీదా?” అని నోరు మూయించింది.

ఆ రోజు తిరుపతి నుంచి కృపారాణి వచ్చింది. నోరు లేని పిల్లల నొప్పి కనిపెట్టడం ఆమె పని. రూతు మణికట్టుకు గడియారంలాంటి పట్టీ కట్టింది. గుండె వేగం, చెమట ఫోనులో గీతగా కనబడతాయి.

ఎస్తేరు కాలు వంచింది. రూతు నవ్వింది. గీత ఎగబాకింది.

“ఆపక్కా. పాపకు నొప్పిగా ఉండాది.”

“ఏం మాటమే అది! నవ్వే బిడ్డకు నొప్పేంది? నవ్వితే గుండె కొట్టుకోదా?”

“అయితే వాళ్ల నాయన్ని పిలువు. నిజం నవ్వుకు గీత ఎట్ట లేస్తాదో చూద్దాం.”

ఏబెల్ వచ్చి రోజూలాగే కూతురి చెవి దగ్గర ఈల వేశాడు. రూతు చప్పుడు లేకుండా, కళ్లతో నవ్వింది. గీత కొంచెం లేచి సర్దుకుంది.

“నా బిడ్డ గురించి ఈ మిషను నాకు సెప్పేదా!” ఎస్తేరు రోషంగా ఆముదం సీసా మూత తీసింది.

గీత నిట్టనిలువునా లేచింది. రూతు పకపకా నవ్వసాగింది.

ఎస్తేరు సీసా కింద పెట్టేసింది. “నేనింకా ముట్టుకోనేలేదు కదమే” అంది.

“ఎక్స్‌రే తీయిద్దాం పదక్కా” అంది కృపారాణి.

మధ్యాహ్నం పుత్తూరులో ఎక్స్‌రే తీస్తే తుంటి ఎముక గూడు తప్పి ఉందని తేలింది. ఎన్నాళ్లైందో చెప్పలేమన్నాడు డాక్టరు. ఎస్తేరు ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది.

“దినామూ నా సేతుల్తోనే సంపినా గదయ్యా దాన్ని!”

ఏబెల్ ఆమె పక్కన కూర్చున్నాడు. “నాకు అనుమానం వచ్చినా గట్టిగా అడగలేదు. ఆ పాపం నాది గూడా” అన్నాడు.

మర్నాడు ఆరున్నరకు ఎస్తేరు ఉత్త చేతులతో వచ్చింది. ఆమె అడుగుల చప్పుడుకే రూతు నవ్వు మొదలుపెట్టింది.

తల్లి అక్కడే ఆగిపోయి రెండు చేతులూ చాచి చూపించింది. “నూనె లేదు తల్లీ. ఏమీ సెయ్యను. ఇంక నవ్వద్దు.”

కాళ్లకు దూరంగా, తలవైపు కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి నవ్వు ఆగింది. రూతు చెయ్యి వంకరగా జరుగుతూ వచ్చి తల్లి వేలు పట్టుకుంది.