గాలి ఈల

"ఈలేసి పిలుస్తవేంది? నేనేమన్న బర్రెనా?"

సగం జడతోనే ఆటోకు అడ్డంగా నిలబడి అడిగింది విజయ. బయ్యారం పక్క తండాలో పొద్దున్నే అందరి ముందూ పరువు పోయె మరి!

డ్రైవర్ వీరేందర్ నవ్వాడు. "బర్రెవైతే మొదటి ఈలకే వస్తుంటివి. నీకు మూడు గావాలె."

ఆనాటి నుంచీ అదే వరస. మహబూబాబాద్ బట్టల షాపులో పనికి ఆమె పోవాలి, మలుపు దగ్గర అతను ఈల వేయాలి, ఆమె తిట్టుకుంటూ రావాలి. కూతురు కావాలనే మూడో ఈల దాకా ఆగుతోందని తల్లి కమ్లీకి తెలుసు. తెలిసీ ఊరుకుంది.

వానాకాలంలో వీరేందర్ చెవి కింద చిన్న గడ్డ లేచింది. హైదరాబాద్‌లో చూపిస్తే క్యాన్సర్ అన్నారు.

"మొఖాన్ని కదిలిచ్చే నరం ఆ గడ్డ నడుమ నుంచే పోతదట," ఆటో ఆపి చెప్పాడతను. "అది తెగితే మూతి వంకర. ఇగ ఈల గూడ రాదు."

విజయ ముందుకు వంగింది. "తెగకుంట చెయ్యరాదా?"

"ఒక రంగు మందు ఉన్నదట. ఇంకా ట్రయల్లనే ఉన్నది. ఆ ఇంజెక్షన్ ఇస్తే వేరే తీరు లైటు కింద నరం మెరుస్తదట. డాక్టర్ దాన్ని చూసుకుంట, తప్పిచ్చి కోస్తడు. నేను సరేనన్న. కానీ గ్యారంటీ లేదన్నరు." ఆటో అద్దం తుడుస్తూ అన్నాడు, "మూతి వంకరైతే ఇటు రాను విజయా. వేరే ఆటో చూస్కో."

"నీ మూతి చూసి ఎక్కుతున్ననా?"

"మరి దేన్ని చూసి?"

పిచ్చిపిల్ల, కళ్లు తుడుచుకుంటూ దిగిపోయింది.

ఆపరేషన్ అయిందని, గడ్డ మొత్తం తీసేశారని కబురొచ్చింది. ఆ తర్వాత వీరేందర్ ఫోన్ ఎత్తడు. విజయ మాత్రం వేరే ఆటో ఎక్కలేదు. బస్సుకే పోయింది.

ఒక వాన పొద్దున మలుపు దగ్గర ఆ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ మెడ చుట్టూ తువ్వాల. పెదవులు సున్నా చుట్టి ఊదాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

గడపలో జడ వేసుకుంటున్న విజయ చూసింది. అంతే, వానలో ఒకటే పరుగు.

"మొదటి ఈలకే వచ్చిన, చూస్కో!"

"గిదేం ఈల? ఉత్త గాలి." అతని కళ్లు నిండాయి. "నరం మంచిగనే ఉన్నదన్నరు. వాపు తగ్గితే ఈల వస్తదట. వచ్చినంకనే నీకు కనబడాలనుకున్న. ఆగలేకపోయిన."

నవ్వాడు. ఆ నవ్వు ఒక పక్కకు కాస్త ఆలస్యంగా చేరింది. అంత చక్కని నవ్వు విజయ ఎన్నడూ చూడలేదు.

"మూతి వంకరైనా, గాలి ఈలైనా, నాకు నువ్వే గావాలె. ఇంకోసారి వేరే ఆటో అన్నవో, చూడు!"

వెనక నుంచి కమ్లీ కేకేసింది. "బర్రె పలుపు తెంపుకున్నది పిల్లగా! మీ అమ్మను తోల్కరా, మాట్లాడుకుందం!"

విజయ సిగ్గుతో తల దించుకుని, ముందు సీట్లో అతని పక్కనే ఎక్కి కూర్చుంది.