వదులు అనేదాకా

పాత బండ్లని పరీక్షించి, ఇది అసలు సరుకా, అతుకుల బొంతా అని తేల్చి చెప్పడం ఆమె పని. వేలంపాట కంపెనీలు పిలిస్తే వెళ్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేస్తుంది. అందుకని ఆ వ్యాపారంలో చిన్నా పెద్దా అందరూ ఆమెని డాక్టరమ్మ అంటారు. ఆ పిలుపంటే ఆమెకి ఇష్టమే. చిన్నప్పుడు బళ్ళో పిలిచిన పిలుపుతో పోలిస్తే అది చాలా నయం. అప్పుడు ఆమెని "బ్రేకుల్లేని మేస్త్రీ కూతురు" అనేవాళ్ళు.

ఆ రోజు చూడాల్సిన రోగి ఒక పాత ట్రక్కు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే రకం, బురదైనా కొండైనా లెక్కచేయని రకం. ఒకప్పుడు ఒక సినిమా హీరోది. హీరో పోయి ఏడాదయింది. పిల్లలు పంచుకోగలిగినవన్నీ పంచుకుని, పంచుకోలేనివి వేలానికి పెట్టారు.

ఈ ట్రక్కు కథ తెలియనివాళ్ళు తక్కువ. ముప్పై రెండేళ్ళ కిందట కొండ దారిలో దిగుతుంటే బ్రేకులు పడలేదు. బండి వెళ్ళి ఎడమవైపు బండరాయిని గుద్దుకుంది. హీరోకి నుదుటి మీద చిన్న గీత పడింది. పక్క సీట్లో ఉన్న మేకప్ మనిషి ఆసుపత్రి దాకా కూడా బతకలేదు. హీరోగారు ఆ కథని ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ దారి ఇంకాస్త ఏటవాలయింది, నుదుటి గీత ఇంకాస్త పొడుగైంది. మారనిది చివరి ముక్క ఒక్కటే. "ఆ మెకానిక్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసుంటే నా మనిషి బతికుండేవాడు."

ఆ మెకానిక్ ఆమె నాన్న. ఆ తర్వాత ఆయన షెడ్డు మూతపడింది. ఆ చేతులకి ఇంజను అప్పగించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాన్న పంక్చర్లు వేసుకుంటూ బతికి, తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. ఎవరేమన్నా తల దించుకునేవాడే తప్ప, ఆ రోజు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆమె బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"రిపోర్టులో బ్రేకుల గురించి కూడా రాస్తావు కదే?"

"ఉన్నదున్నట్టు రాస్తానమ్మా."

"ఉన్నదే రాయి తల్లీ. మీ నాన్న పనెలా ఉండేదో నీకు తెలీదా? ఆయన తప్పు లేదని ఒక్క కాగితం, కళ్ళారా చూసి పోతాను. అంతకంటే నాకేం వద్దు."

ఆ కాగితం కోసమే ఆమె ఈ పని ఒప్పుకుంది. హీరో బతికున్నన్నాళ్ళూ ఆ బండి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇన్నాళ్ళూ ఆమె పళ్ళు నూరుకుంటూ కూర్చుంది.

హీరో ఇంటి వెనక పెరట్లో రేకుల షెడ్డు. మిట్టమధ్యాహ్నం. కాపలా ముసలాయన షట్టర్ని నడుము దాకా ఎత్తి, అక్కడే ఆగిపోయాడు.

"మీరు లోపలికి రారా?"

"మీరు చూసుకోండమ్మా. నేనిక్కడే ఎండలో ఉంటా."

"ప్రమాదం తర్వాత దీన్నెవరైనా ముట్టుకున్నారా?"

ఆయన తాళంచెవి తిప్పుకుంటూ, "ఇంట్లోవాళ్ళెవరూ ముట్టుకోలేదు" అన్నాడు.

ఆమె వంగి లోపలికి దూరింది. బయటి ఎండ షట్టర్ కింద ఒక పట్టీలా పడి, రెండడుగుల లోపలే ఆగిపోయింది. ఆ తర్వాతంతా చీకటి. ఎలుకల వాసన, ఎండిపోయిన రబ్బరు వాసన. వాటి అడుగున ఇంకో వాసన కూడా ఉంది. కొత్త డబ్బా మూత తీయగానే ముక్కుని పట్టేసే బ్రేక్ ఆయిల్ వాసన. అది ఆ షెడ్డులో ఉండాల్సింది కాదు.

టార్చి వేసింది. ట్రక్కు ఎడమ బుగ్గ లోపలికి నొక్కుకుపోయి అలాగే ఉంది. పద్ధతి ప్రకారం మొదలుపెట్టింది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంది. ఇంజను నంబరు చూసింది. రంగు అసలుదే. అద్దాలు అసలువే. తర్వాత బానెట్ కింద బ్రేక్ ఆయిల్ పోసే చిన్న డబ్బా మూత తిప్పింది. ముప్పై రెండేళ్ళలో అది ఎండి నల్లటి మడ్డి అయిపోయి ఉండాలి.

అంచు దాకా నిండుగా ఉంది. తేటగా, తేనె రంగులో.

అమ్మకానికని ఎవడో తెలివిమీరినవాడు నిన్నో మొన్నో పోసుంటాడు. సాక్ష్యమంతా కడిగేసుంటాడు. తిట్టుకుంటూ నేల మీద అట్టముక్క పరుచుకుని, ట్రక్కు కిందికి పాకింది.

నాన్నకి ఒక అలవాటుండేది. ఒక్కో చక్రం దగ్గర బ్రేకుల్లో గాలి తీసేయడం అయిపోగానే, గాలి బయటికి వదిలే బోలు మర ఉంటుందే, ఆ నిపుల్‌కి చిన్న ఎర్ర తీగముక్క చుట్టేవాడు. ఏ చక్రమూ మరిచిపోకుండా ఆయన పెట్టుకున్న గుర్తు అది. ఆమె టార్చిని వెనక ఎడమ చక్రం మీదికి తిప్పింది. ఎర్ర తీగ ఉంది. వెనక కుడి. ఉంది. ముందు ఎడమ. చితికిన రేకు మధ్య, ఉంది. చివరిదానికేసి జరిగింది. డ్రైవరు వైపు ముందు చక్రం.

అక్కడా ఉంది.

ఆమెకి ఏడుపొచ్చింది. నేల మీద వెల్లకిలా పడుకుని, నలభై ఒక్క ఏళ్ళ మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన దేన్నీ వదల్లేదు. నాలుగూ చేశాడు. అబద్ధమాడింది హీరోయే.

ఇక ఒక్క పరీక్ష మిగిలింది, లోపల గాలి లేదని తేల్చడం. నిపుల్‌కి గాజులాంటి సన్నగొట్టం తగిలించి, రెండో కొస ఖాళీ సీసాలో పెట్టింది. పానాతో నిపుల్ వదులు చేసింది. కానీ ఈ పని ఒక్కరివల్ల కాదు. పైన ఒకరు పెడల్ తొక్కాలి. కింద ఉన్నవాళ్ళు మళ్ళీ నిపుల్ బిగించేదాకా ఆ కాలు అలాగే ఉండాలి. మధ్యలో కాలు తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. గాలి చేరిన బ్రేకు పైకి బాగానే ఉంటుంది, అవసరం పడ్డప్పుడే మోసం చేస్తుంది.

చిన్నప్పుడు నాన్నకి ఆ తొక్కే మనిషి ఆమే. అలవాటు ఎక్కడికి పోతుంది? పైన ఎవరూ లేరని తెలిసి కూడా నోట్లోంచి వచ్చేసింది.

"తొక్కు."

పైన పెడల్ కిర్రుమంది. గొట్టంలోకి నూనె వచ్చింది.

ముసలాయన లోపలికి వచ్చినట్టున్నాడు అనుకుంది. "అలాగే పట్టండి."

"పట్టాను."

గొంతు బాగా మెల్లగా వచ్చింది. గొట్టంలో ఒక బుడగ కదిలింది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి... ఆమె తల పక్కకి తిప్పింది. షట్టర్ కింద ఎండలో రెండు కాళ్ళు కనిపించాయి. ముసలాయన చెప్పులు. ఆయన బయటే ఉన్నాడు.

మరి పైన...

"పట్టాను నాన్నా."

పిల్ల గొంతు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ గొంతు ఆమెకి తెలుసు. అది తనదే.

టక్‌మని పెడల్ పైకి లేచింది. గొట్టంలో నూనె గబగబా వెనక్కి పోయింది. దాని వెంటే గాలి, బుడబుడమంటూ లోపలికి. పైన క్యాబిన్లో చిన్న పాదాలు సీటు మీదుగా కిటికీ వైపు పరుగెత్తాయి.

ముప్పై రెండేళ్ళ కిందట ఆ రోజు, హీరో బండి తీసుకెళ్ళడానికి స్వయంగా వచ్చాడు. వీధంతా కేకలు. చూడాలని ఆమెకి ప్రాణం కొట్టుకుంది. కాలు తీసేసి కిటికీకి వేలాడింది. కింద నుంచి నాన్న "పట్టావా?" అన్నాడు. కిటికీలోంచి తల తిప్పకుండానే "పట్టాను నాన్నా" అంది. ఆయన నమ్మాడు. నిపుల్ బిగించి తీగ చుట్టాడు. హీరో ఆమె బుగ్గ గిల్లి, బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె మరిచిపోయిందని కాదు. మరిచిపోయినట్టు బతకడానికి హీరో మీది కోపం బాగా పనికొచ్చింది.

మోకాళ్ళు గీరుకుపోతున్నా లెక్కచేయకుండా కింద నుంచి బయటికి పాకింది. క్యాబిన్ ఖాళీ. సీటు మీది దుమ్ము చెదరలేదు. షట్టర్ ఆరడుగుల దూరం. పరుగెత్తాలి...

వెనక, తను ఇప్పటిదాకా పడుకున్న చోట, పానా నేలకి తగిలి ఖణేల్‌మంది. అట్టముక్క సర్దుకున్న చప్పుడు. తర్వాత దగ్గు. పొద్దున్నే లేవగానే నాన్న దగ్గే దగ్గు.

"ఎక్కమ్మా. తొక్కు."

పరుగెత్తాల్సింది. పరుగెత్తలేదు. నాన్న పిలిచాడు. తొమ్మిదేళ్ళుగా ఆ పిలుపు లేక ఇల్లు బోసిపోయింది. తలుపు తీసి ఎక్కి, కుడికాలు పెడల్ మీద పెట్టింది. తొక్కింది. పెడల్ మెత్తగా, నేల దాకా దిగిపోయింది.

"పట్టు."

పట్టింది. కింద నుంచి నాన్న అడిగాడు. కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"ఆ రోజు పట్టావా అమ్మా?"

చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట. లేదు నాన్నా, వదిలేశాను. ముప్పై రెండేళ్ళ బరువు ఆ ఒక్క మాటతో దిగిపోతుంది. నోరు తెరిచింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ముఖం గుర్తొచ్చింది...

"పట్టాను నాన్నా."

కింద నిట్టూర్పు లాంటిది వినిపించింది.

"సరే. అయితే అలాగే పట్టుకో. నేను వదులు అనేదాకా తియ్యకు."

రెండు గంటల తర్వాత ముసలాయన లోపలికొచ్చి, ఆమె కాలుని రెండు చేతులతో పట్టి లాగితే గాని పెడల్ మీంచి రాలేదు. ఆమెని ఎండలో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆయన కనబడ్డాడా?"

ఆమె షెడ్డు వైపు చూసింది.

"ఒక మేస్త్రీ వస్తాడమ్మా, ఏడాదికోసారి. గేటు తియ్యకుండానే వస్తాడు. నూనె పోస్తాడు, కింద పడుకుంటాడు. ఇంకా తెమల్లేదా అని ఒకసారి ధైర్యం చేసి అడిగా. తొక్కే మనిషి లేదు, మా అమ్మాయి రావాలి అన్నాడు."

రిపోర్టు ఆ సాయంత్రమే రాసింది. బ్రేకుల్లో లోపం లేదు, తప్పు నడిపిన మనిషిదే అని సంతకం పెట్టి ముద్ర వేసింది. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, నాన్న ఫోటో పక్కన తగిలించింది. వచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపించింది. ఆ కాగితంలో అమ్మకి కావలసిందంతా ఉంది, నిజం తప్ప.

ఇది జరిగి పద్దెనిమిది రోజులు. ఆమె కుడి మోకాలు వంగదు. ఎముకలో ఏమీ లేదు, నరంలో ఏమీ లేదు అని పెద్ద పెద్ద డాక్టర్లు చెప్పేశారు. రోజంతా కుర్చీలో కూర్చుని, పాదాన్ని ఎదుటి గోడకి అదిమి పెట్టుకుని ఉంటుంది. అక్కడ సున్నం పెచ్చులూడింది. కాస్త కునుకు పట్టి కాలు సడలితే చాలు, కుర్చీ కింద బుడుక్‌మంటుంది. బ్రేక్ ఆయిల్ వాసన వస్తుంది. తర్వాత ఆ గొంతు, ఓపిగ్గా...

"పట్టాను నాన్నా" అంటుంది ఆమె. వంటింట్లోంచి అమ్మ "ఎవరితోనే?" అంటుంది. "ఎవరూ లేరమ్మా" అంటుంది.

నిన్న అమ్మ అలా అడగలేదు. మెల్లగా వచ్చి కుర్చీ పక్కన కూలబడింది. కింద నేల మీద వేలితో రుద్ది, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ రోజు పెడల్ మీద ఎవరున్నారో అమ్మకి ఎవరూ, ఎప్పుడూ చెప్పలేదు. పోయేదాకా నాన్న కూడా చెప్పలేదు. అమ్మ చాలాసేపు గోడ మీది కాగితం వంక చూసింది. తర్వాత కూతురి ముఖంలోకి చూడకుండా, మెత్తగా, ఏమాత్రం కోపం లేకుండా అడిగింది.

"ఆ రోజు పట్టావా అమ్మా?"