మల్లరీ బావి నిట్టూర్పులు

మల్లరీ బావి దగ్గర చీకటిపడ్డాక బండి ఆపొద్దంటారు. కాలిఫోర్నియా ఎడారి పార్కులో, ఇసుక దారి ఆఖరున ఉందది. బంగారం వెతుక్కుంటూ వచ్చిన మల్లరీ అనేవాడు దాహం ఆగక దాన్ని తవ్వి తవ్వి, చుక్క నీరు పడకుండానే అక్కడే పోయాడట. రాత్రిళ్లు నిట్టూరుస్తాడట. మనిషి పోయినా విసుగు పోలేదు, పాపం.

లొరెట్టా అక్కడికి సరదాకి వెళ్లలేదు. మొగుడు ఎర్ల్ పోయినప్పటి నుంచీ జీపు అమ్మేయమని మరిది డ్వేన్ ఒకటే పోరు.

"ఒంటరి ఆడదానివి, నీకెందుకు వదినా ఈ ఎడారి తిరుగుళ్లు?"

"మీ అన్నయ్య ఉన్నప్పుడు మాత్రం తోలిందెవరు? ఆయన పక్కన కూచుని గురక పెట్టేవాడు."

"అయితే మల్లరీ బావి దగ్గర ఒక్క రాత్రి పడుకునిరా. తెల్లారేదాకా ఉన్నావా, మళ్లీ ఆ మాటెత్తను. పారిపోయొచ్చావా... జీపు అమ్మేయాలి."

"సరే" అనేసింది. ఆ జీపులో ఎర్ల్ టోపీ ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని పరాయివాడి చేతికి ఎలా ఇస్తుంది?

ఇసుక మొదలయ్యేచోట దిగి, నాలుగు టైర్లలోనూ సగం గాలి వదిలింది. మెత్తబడ్డ టైరు ఇసుకలో దిగబడదు. ఎడారి తిరిగేవాళ్లంతా చేసే పనే. ఒక్క డ్వేన్ మాత్రం చెయ్యడు. "గాలి తీసేది చేతకానివాళ్లు" అంటాడు మీసం దువ్వుకుంటూ.

బావి పక్కన జీపు ఆపి, బీన్స్ వేడిచేసుకు తిని, వెనక పరుపు పరుచుకుంది. గాలి లేదు. నక్క ఊళ కూడా లేదు.

అప్పుడు వినపడింది...

హుస్స్‌స్...

దీర్ఘంగా... అలసిపోయినట్టు.

లొరెట్టా చెయ్యి తాళంచెవి మీదికి పోయింది. తిప్పితే ప్రాణం దక్కుతుంది — జీపు దక్కదు. "ఏం చెయ్యను ఎర్ల్..." అని గొణిగింది.

కాళ్లీడ్చిన చప్పుడు. మళ్లీ... హుస్స్‌స్. మళ్లీ నడక. మూడోది. కాసేపాగి నాలుగోది...

నాలుగంటే నాలుగే. మధ్యలో నడక.

లొరెట్టాకి భయం పోయి ఒళ్లు మండింది. పారా టార్చీ పట్టుకుని దిబ్బెక్కింది. అవతల ట్రక్కు ఒకటి ఇరుసుదాకా దిగబడి ఉంది. చక్రం పక్కన మోకాళ్ల మీద డ్వేన్, టైరు గాలి వదులుతూ.

"గాలి తీసేది ఎవరన్నావు మరిదీ?"

డ్వేన్ కెవ్వుమని వెల్లకిలా పడ్డాడు. "నీకు... తోడుగా ఉందామని ముందే వచ్చా వదినా."

"లైట్లార్పుకునా?"

"...కాస్త భయపెడదామని కూడా."

లొరెట్టా కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. ఇద్దరూ ఇసుక తవ్వి, జీపుకి తాడు కట్టి ట్రక్కుని లాగారు. బావి దగ్గర కాఫీ పెట్టుకుని కూచున్నారు.

"ఓడిపోయాన్లే. జీపు నీదే" అన్నాడు డ్వేన్.

సరిగ్గా అప్పుడే — బావిలోంచి...

హుస్స్‌స్...

డ్వేన్ చేతిలోంచి కప్పు జారిపోయింది. "వదినా... ఇది నా టైరు కాదు, స్పేర్ టైరు కూడా ఇంట్లోనే ఉంది... పోదాం పద."

"పందెం తెల్లారేదాకా కదూ?" అంది లొరెట్టా. పారిపోలేదు, లేచింది. ఎర్ల్ టోపీ తెచ్చి నెత్తిన పెట్టుకుంది. నీళ్ల డబ్బా మూత తీసి, బావిలోకి ధారగా వంపింది.

"తాగు నాయనా. తాగి పడుకో."

కింద నీళ్లు పడ్డ చప్పుడు కాలేదు.

గుటక వేసిన చప్పుడైంది.