వల్లి మోకాలికి పదకొండు మ్యాచ్‌లు

గాజు గోడకి అవతల వల్లి కదలకుండా పడుకుని ఉంది. ఎడమ కాలు తొడ దాకా తెల్లటి గొట్టంలో ఉంది. గొట్టం చుట్టూ ఉంగరంలాంటి పరికరం ఒకటి నెమ్మదిగా పైకీ కిందికీ జరుగుతోంది. ఇవతల ఆమె తండ్రి సింహాచలం ట్రామ్ డిపో యూనిఫామ్‌లోనే నిలబడి చూస్తున్నాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చేశాడు.

"నొప్పేమీ ఉండదండీ," అంది డాక్టర్ మృణాళిని, తెర మీంచి చూపు తిప్పకుండా. "చూడటం వరకే దాని పని."

"పెళ్లిచూపులు కూడా సూడ్డం వరకేనండి డాక్టరుగారూ," అన్నాడు సింహాచలం. "ఆ తర్వాతే కదా అసలు సంగతి."

ఆమె నవ్వింది. వరంగల్లులో పుట్టి, మెల్‌బోర్న్‌లో పాతికేళ్లుగా ఎముకలూ కీళ్లూ చదువుతున్న మనిషి. ఈ నగరంలో తెలుగు మాట్లాడే పేషెంట్లు ఆమెకి కొత్త కాదు. కానీ ఫుటీ డ్రాఫ్ట్‌కి వచ్చిన తెలుగుపిల్లని చూడటం ఇదే మొదలు.

అది 2041 నవంబరు. ఫుటీ అంటే ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారపు బంతి, అదే ఆకారంలో పెద్ద మైదానం, రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకుండా గాల్లోనే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. పట్టినవాళ్ల మీద ఎవరూ పడకూడదు. ఆగి, గురి చూసుకుని తీరిగ్గా తన్నుకోవచ్చు. అందుకే మంచి ఆటగాళ్లు ముందున్నవాళ్ల భుజాల మీద మోకాలు ఆన్చి మరీ పైకి లేస్తారు. పద్దెనిమిదేళ్ల వల్లి అలా లేచిందంటే కింద జనం మాటలు ఆపేస్తారు. ఆమె పైకి వెళ్లడం అందరికీ కనిపిస్తుంది, దిగడానికి మాత్రం ఎందుకో ఆలస్యమవుతుంది.

ఏడాదికోసారి లీగ్‌లోని క్లబ్బులన్నీ ఒక హాల్లో కూర్చుని కొత్త ఆటగాళ్లని పంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. పోయిన ఏడాది అట్టడుగున మిగిలిన జట్టు మొదట ఎంచుకుంటుంది, గెలిచిన జట్టు చివర ఎంచుకుంటుంది. ఏ జట్టుకి వెళ్తావని పిల్లల్ని ఎవరూ అడగరు.

"పిల్లని అడక్కుండానే పంపేస్తారా?" అని సింహాచలం మొదటిసారి విన్నప్పుడు అడిగాడు.

"పిలవడమే గొప్ప నాన్నా. అడగడం కూడానా," అంది వల్లి.

మూడేళ్ల నుంచి డ్రాఫ్ట్‌కి ముందు ఇంకో తతంగం వచ్చి చేరింది. అదే ఈ యంత్రం. పేరు సంధి. మృణాళిని తయారుచేసిందే. మోకాలి లోపల పై ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టుకునే పట్టీ ఒకటుంటుంది, లిగమెంట్. ఫుటీలో ఎక్కువ జీవితాలు అక్కడే తెగుతాయి. సంధి ఆ లిగమెంట్‌లోని ప్రతి పోగునీ చదువుతుంది. తర్వాత కంప్యూటర్ లోపల అచ్చం అలాంటి మోకాలినే తయారుచేసి, దాన్ని పదివేల జీవితాలు ఆడిస్తుంది. పరుగులు, మలుపులు, ఎగరడాలు, దిగడాలు. ఏ జీవితంలో ఎన్నో మ్యాచ్‌లో తెగిందో రాసిపెడుతుంది. అన్నీ అయ్యాక ఒక అంకె ఇస్తుంది.

ఆ రోజు వల్లికి వచ్చిన అంకె పదకొండు.

మృణాళిని తెర వైపు కాసేపు చూసి, కుర్చీ లాగి సింహాచలాన్ని కూర్చోమంది. వల్లి ఇంకా బూట్లు కట్టుకుంటోంది.

"సింహాచలం గారూ, ఇది జాగ్రత్తగా వినండి. పదివేల సార్లు ఆడించాం కదా. దాదాపు సగం సార్లు పదకొండో మ్యాచ్ లోపలే తెగింది. మిగతా సగం సార్లు ఆ తర్వాత. కొన్నిసార్లు మూడు వందల మ్యాచ్‌లు ఆడినా తెగలేదు."

"అంటే మా పిల్ల మూడు వందలు ఆడొచ్చా?"

"ఆడొచ్చు. రెండో మ్యాచ్‌లోనే తెగిపోనూ వచ్చు. ఏ జీవితం తనదో సంధికి తెలీదు, నాకూ తెలీదు."

"మరి ఫారంలో పదకొండని ఎందుకు రాశారండి?"

"ఒక్క అంకె పట్టేంత గడే ఇచ్చారండీ," అంది ఆమె. "ఈ వివరమంతా రాయడానికి జాగా ఇమ్మని లీగ్ కమిటీని రెండుసార్లు అడిగాను. అభిమానులకి అర్థం కాదన్నారు."

సింహాచలం ట్రామ్ నడుపుతాడని అంటారు గానీ ట్రాములు ఎప్పుడో తమంతట తామే నడవడం నేర్చుకున్నాయి. ముందు సీట్లో ఒక మనిషి ఉండి తీరాలని చట్టం. ఆ మనిషి అతను. పదేళ్లుగా బ్రేకు పక్కన చెయ్యి పెట్టుకుని కూర్చుంటున్నాడు, ఇంతవరకూ ఆ బ్రేకు వేసే పని పడలేదు. ఆ రోజు ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు కూతురి పక్కన కూర్చుని కూడా అతని కుడిచెయ్యి ఒళ్లో అలాగే, దేన్నో పట్టుకోబోతున్నట్టే ఉండిపోయింది.

డ్రాఫ్ట్ వారం తర్వాత మధ్యాహ్నం రెండింటికి. హాల్లో వేదిక, కెమెరాలు, గుండ్రటి బల్లల చుట్టూ కొత్త చొక్కాల్లో కుటుంబాలు. సింహాచలం భార్య సుధారాణి బేకరీలో సెలవు అడిగి వచ్చింది. ఒక్కో పేరూ పిలుస్తుంటే తెర మీద ముఖం, దాని కింద అంకె పడేది. రెండు వందల పది. నూట ఎనభై. రెండు వందల అరవై నాలుగు. అంకె పెద్దదైతే జనం హుషారుగా చప్పట్లు కొట్టేవారు.

వల్లితో కలిసి ఆడిన వాళ్లంతా ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. నలభై పేర్లయ్యాయి. యాభై అయ్యాయి. పక్క బల్లలు ఖాళీ అవుతున్నాయి. సుధారాణి గ్లాసులో నీళ్లు తాగకుండా తిప్పుతూ కూర్చుంది.

"పోదామా అమ్మీ," అన్నాడు సింహాచలం మెల్లగా.

"చివరిదాకా ఉండాలి నాన్నా. లేచిపోతే బాగోదు."

యాభై ఎనిమిదో పేరు హెరాన్స్ క్లబ్బుది. వాళ్ల తరఫున ఆటగాళ్లని ఏరే బ్రెండన్ కాసిడీ అనే పెద్దమనిషి మైకు ముందుకొచ్చి, చీటీ చూడకుండానే, "హేమవల్లి బెవర" అన్నాడు. సుధారాణి గ్లాసు బల్ల మీద పెట్టేసి మొహం చేతుల్లో దాచుకుంది. వల్లి వేదికెక్కి కొంగ బొమ్మ ఉన్న జెర్సీ తొడుక్కుంది. తెర మీద ఆమె ముఖం కింద పదకొండు పడింది. చప్పట్లు వచ్చాయి, పలచగా.

కాసిడీ కిందికి వచ్చి సింహాచలం చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పదకొండింటినీ మేం వృథా చెయ్యం," అన్నాడు. అతని కళ్లలో నిజాయితీ ఉంది. ఆ మాటలో భయపడాల్సిందేమిటో సింహాచలానికి అప్పుడు తట్టలేదు.

మొదటి సీజన్ మూడో వారంలో వల్లిని మైదానంలోకి దింపారు. నాలుగు మార్కులు పట్టింది. అందులో ఒకటి ఆ వారమంతా ప్రతి ఫోనులోనూ తిరిగింది. మర్నాడు క్లబ్బు పేజీలో ఆమె ఫొటో కింద పదకొండు పోయి పది వచ్చింది. ఆ తర్వాత ఆమెని దింపలేదు. ఏడాదికి ఇరవై రెండు మ్యాచ్‌లు. మిగతావన్నీ కోటు వేసుకుని బెంచీ వెనక కూర్చుని చూసింది. రెండో ఏడూ, మూడో ఏడూ ఒక్కసారి కూడా దింపలేదు.

విచిత్రమేమిటంటే వారానికి నాలుగు రోజులు ప్రాక్టీసులో ఆమె అందరికన్నా ఎక్కువగా ఎగిరేది. అంకెలో ప్రాక్టీసు లేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. మోకాలు ఒక్కరోజు కూడా వాయలేదు.

మూడో ఏడు చివర్లో సింహాచలం మృణాళినిని వెంటబెట్టుకుని కాసిడీ దగ్గరికి వెళ్లాడు. బల్లకి అటువైపు కాసిడీ, ఇటువైపు వీళ్లిద్దరూ.

"అది రేషన్ కాదండీ," అంది మృణాళిని. "పదకొండు ఆడగానే తెగుతుందని సంధి చెప్పలేదు. సగం జీవితాల్లో అంతకన్నా ఎక్కువే ఆడింది. పైగా ఇప్పుడు కండ బలపడింది. మళ్లీ స్కాన్ చెయ్యనివ్వండి."

"రూలు ఒప్పుకోదు డాక్టర్. అంకె డ్రాఫ్ట్ రోజుదే. మధ్యలో మారిస్తే క్లబ్బులు కొట్టుకుంటాయి." కాసిడీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయినా మీ యంత్రం ఇంతవరకూ ఒక్క ఆటగాడి విషయంలోనూ తప్పు చెప్పలేదు."

"తప్పో ఒప్పో తేలేదాకా మీరు ఆడిస్తే కదా."

కాసిడీ సింహాచలం వైపు తిరిగాడు. "మీరు తండ్రి. మీరే చెప్పండి. రేపు నేను దింపాను, మోకాలు తెగింది. తెలిసి తెలిసి ఎందుకు దింపావని మీరు నన్ను అడగరా?"

అబద్ధం చెప్పడం సింహాచలానికి చేతకాదు.

"అడుగుతానండి," అన్నాడు.

ఆ మాటతో మాట్లాడాల్సింది అయిపోయింది. బయటికి వచ్చాక మృణాళిని కారు దగ్గర ఆగి, "మిమ్మల్ని తప్పు పట్టను. నేనైనా అదే అనేదాన్ని," అంది. ఆమె మొహంలో, తన ఇంటి కుక్క పక్కింటి పిల్లాణ్ణి కరిచినప్పటి సిగ్గులాంటిదేదో కనిపించింది.

వేరే క్లబ్బుకి పోదామంటే పదకొండు అంకె వాళ్లు ఎవరికీ అక్కర్లేదు. చిన్న లీగుల్లో ఆడదామంటే అక్కడా అదే ఫారం, అదే గడి. మానేసి వేరే పని చూసుకోమని సుధారాణి ఒకటి రెండుసార్లు అంది.

"మానేస్తే ఆ పదీ పోతాయమ్మా," అనేది వల్లి.

నాలుగో ఏడు హెరాన్స్ ఫైనల్‌కి వచ్చింది, ముప్ఫై ఏళ్ల తర్వాత. దాచిపెట్టింది ఇందుకే కదా అని నగరమంతా అనుకుంది. ఆఖరి పావుగంటకి వల్లిని దింపారు. లక్షమంది. బంతి ఆమె వైపు వచ్చిన ప్రతిసారీ స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టేది, ఆమె పట్టుకుంటుందా అని కాదు, సరిగ్గా దిగుతుందా అని. రెండు నిమిషాలుందనగా ఆమె ఇద్దరి మీంచి లేచి మార్క్ పట్టింది, దిగింది, స్తంభాల మధ్యకి తన్నింది. నాలుగు పాయింట్లతో గెలిచారు. సింహాచలం చుట్టూ ఉన్నవాళ్లు ఒకరినొకరు కావిలించుకుంటుంటే అతను కూతురి ఎడమకాలి నడకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ గెలుపుతో అన్నీ ఖాయమైపోయాయి. చిన్న అంకె వాళ్లని తీసుకుని దాచుకోవడం తెలివైన పద్ధతని తేలింది. మరుసటి డ్రాఫ్ట్‌లో అన్ని క్లబ్బులూ అదే చేశాయి. పన్నెండు, తొమ్మిది, పద్నాలుగు అంకెల పిల్లలు కోట్లు వేసుకుని బెంచీల వెనక కూర్చోవడం మొదలైంది. వల్లికి మిగిలినవి తొమ్మిదే కాబట్టి క్లబ్బు ఇంకా జాగ్రత్తపడింది. తర్వాతి ఐదేళ్లలో మూడే మ్యాచ్‌లు ఆడించారు, మూడూ సెమీఫైనళ్లే.

ఇరవై ఏడో ఏట క్లబ్బు ఆమెకి వీడ్కోలు సభ పెట్టింది. జట్టులోకి కొత్త పిల్లలు రావాలి, జాగా చాలదు. కాసిడీ మాట్లాడుతూ కంటతడి పెట్టుకున్నాడు. ఆ రోజుకి వల్లి రెండు మోకాళ్లూ డ్రాఫ్ట్ నాటికన్నా గట్టిగా ఉన్నాయి.

నెల తర్వాత మృణాళిని ఫోన్ చేసింది.

"లీగ్ వాళ్ల సంవత్సరపు నివేదిక వచ్చిందండీ. సంధి చెప్పింది ఎంతవరకు నిజమైందో పట్టిక వేశారు. వల్లి పేరూ ఉంది."

"ఏటని రాశారండి?"

"పదకొండు దాటదని అంచనా, దాటలేదు, సరైనది, అని. నూటికి తొంభై ఎనిమిది సరైనవట. నాకు సన్మానం చేస్తామన్నారు. రానని చెప్పాను. రాకపోయినా చేస్తారట."

"భోంచేశారా డాక్టరుగారూ," అని అడిగాడు సింహాచలం.

డిసెంబరు ఆదివారం డిపో వాళ్లు పిల్లాపాపలతో పార్కులో పిక్నిక్ పెట్టుకున్నారు. తిన్నాక కొంతమంది చెట్ల మధ్య బంతి తన్నుకోవడం మొదలుపెట్టారు. గుర్తుపట్టిన వాళ్లు వల్లిని పిలిచారు. ఆమె నవ్వి, కోటు తీసి అమ్మకిచ్చి వెళ్లింది. సింహాచలం దుప్పటి మీద కూర్చుని, తొమ్మిదేళ్ల తర్వాత కూతురు ఊరికే ఆడుకోవడం చూడబోతున్నానని అనుకున్నాడు. ఇక్కడ ఫారాలు లేవు, తెరలు లేవు.

ఎవరో బంతిని చాలా ఎత్తుకి తన్నారు. అది సరిగ్గా వల్లి మీదికే వచ్చింది. ఆమె మడమలు నేల నుంచి లేవబోవడం అతను చూశాడు. అంతలోనే అవి మళ్లీ గడ్డికి ఆనుకున్నాయి. వల్లి ఒక అడుగు పక్కకి జరిగింది. బంతి ఆమె ముందు పడి, వంకరగా ఎగిరి, ఎటో దొర్లిపోయింది.

సింహాచలం లేచి దగ్గరికి వెళ్లాడు. "ఏటమ్మీ, వదిలేశావు? మోకాలు గానీ నొప్పెట్టిందా?"

"లేదు నాన్నా, బాగానే ఉంది." వల్లి బంతి పోయినవైపు చూస్తోంది. "ఇంకా ఆరున్నాయి కదా. ఇలాంటివాటికి ఎందుకు?"