నీళ్లు కనబడే వీధిలో హత్య

గురువారం. ఉదయం 7.10.

శవానికి ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

వందేళ్ల గమ్ చెట్టు, నీలగిరి జాతిది. మొదలు చుట్టూ తొమ్మిది రంధ్రాలు. ఒక్కోదాంట్లోంచీ ఎర్రటి జిగురు కారి బెరడు మీద చారలు కట్టింది. కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకాయన అది చూసి మునిసిపల్ కౌన్సిల్‌కు ఫోన్ చేశాడు.

మోయిరా కెల్లెహర్ మోకాళ్లను తిట్టుకుంటూ కింద కూర్చుని వాసన చూసింది. కలుపు మందు. ఇంకా ఘాటు తగ్గలేదు.

ఇక నాలుగు వారాల్లో ఆకులు రాలిపోతాయి. ఆ సంగతి చెట్టుకింకా తెలీదు, అంతే.

మోయిరాకు అరవై ఒకటి. ఇరవై ఏడేళ్లు పోలీసు డిటెక్టివ్. ఆ తర్వాత ఆరేళ్లుగా కౌన్సిల్‌లో ఇన్వెస్టిగేటర్. అప్పుడు మనుషుల్ని ఎవరు చంపారా అని వెతికేది, ఇప్పుడు చెట్లను. జీతం తగ్గింది గానీ, వినాల్సిన అబద్ధాలు మాత్రం తగ్గలేదు.

తలెత్తి చూసింది. పైన కరీంగా రోడ్డు. పదకొండు ఇళ్లు. కింద సిడ్నీ హార్బరు నీళ్లు. ఈ వీధిలో ఇంటికి ధర కట్టేది గదుల్ని బట్టి కాదు. కిటికీలోంచి ఎంత నీళ్లు కనబడతాయో దాన్ని బట్టి. అందుకే ఇక్కడ చెట్లకు ఆయుష్షు తక్కువ.

దీనికి కౌన్సిల్ కనిపెట్టిన మందొకటుంది. విషం పెట్టిన చెట్టు పక్కనే ఇనప స్తంభాలు పాతి రెండంతస్తుల ఎత్తున బ్యానర్ గుడ్డ కడతారు. 'ఇక్కడి చెట్టును చంపారు' అని అడుగెత్తు అక్షరాలు. కొత్త మొక్క నాటి, అది ఎదిగేదాకా గుడ్డ విప్పరు. కొమ్మల సందుల్లోంచైనా నీళ్లు కనబడతాయేమో గానీ, గుడ్డలోంచి ఏమీ కనబడవు.

సాయంత్రానికల్లా గుడ్డ కట్టేశారు. సరిగ్గా పద్నాలుగో నంబరు ఇంటి ముందు.

శుక్రవారం. ఉదయం 9.15.

"కేసు అయిపోయింది" అన్నాడు మేనేజరు నైజెల్. "తోటమాలి. పేరు సియోనే. అతని బండిలో డ్రిల్లు దొరికింది. బిట్ నిండా ఎర్ర జిగురు. ఇదిగో ఫొటో. ఇదిగో అతని మీద వీధివాళ్ల ఉత్తరం. పదకొండు ఇళ్లు, పదకొండు సంతకాలు."

"ఫొటో తీసిందెవరు?"

"పద్నాలుగో నంబరు బ్రెట్ కవానా. నిన్న పొద్దున బండిలో చూశాడట."

"చెట్టు సంగతి తెలిసిన గంటకే? భలే చురుకు."

"మోయిరా, నీకు రిటైర్‌మెంట్ ఇంక నాలుగు నెలలు. ఎందుకమ్మా ఈ తలనొప్పి? సాయంత్రం ఐదింటికి ఫైలు పోలీసులకు పంపేస్తున్నా."

"ఐదింటిదాకా నాదేగా?"

నైజెల్ నిట్టూర్చాడు. ఆమె అప్పటికే బ్యాగు భుజాన వేసుకుంది.

ఉదయం 10.30.

సియోనే తౌఫాహెమా తన బండి వెనక తలుపు మీద కూర్చుని ఉన్నాడు. కొండలాంటి మనిషి. నల్ల బట్టలు, నడుముకు చుట్టుకున్న చాప. ఇంట్లో చావు జరిగితే టోంగా దీవులవాళ్లు అలాగే కట్టుకుంటారు. తొమ్మిదేళ్లుగా ఈ వీధి మొత్తానికీ తోటమాలి అతనే.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి కౌన్సిల్ మనుషులు చెట్టు చుట్టూ గడ్డి కోశారు. అప్పటికి రంధ్రాలు లేవు. కాబట్టి సోమవారం మూడింటికీ గురువారం ఏడింటికీ మధ్య.

"సోమవారం ఎక్కడున్నావు?"

"పన్నెండింటిదాకా ఇక్కడే మేడమ్. తర్వాత మౌంట్ డ్రూయిట్‌లో మావాళ్లింటికి. మా పెద్దమామ పోయాడు."

"తిరిగొచ్చింది?"

"బుధవారం పొద్దున ఆరున్నరకి."

"మధ్యలో నిన్ను చూసినవాళ్లు?"

"నాలుగొందలమంది. రాత్రంతా పాటలు పాడాం. వినండి, గొంతు ఇంకా రాలేదు."

"మరి బుధవారం?"

"రోజంతా ఇక్కడే, ఒక్కడినే. అదే కదా నా ఖర్మ."

"డ్రిల్లు?"

"నాదే. సామానంతా మిసెస్ థర్లో గారి గ్యారేజీలో పెడతాను. పన్నెండో నంబరు. ఎవరైనా తీసుకోవచ్చు, వీధిలో అందరికీ తెలుసు. బుధవారం పని అయ్యాక తీసి బండిలో పడేశా. బిట్ చూళ్లేదు."

మోయిరా రాసుకుంది. అతను తన చేతుల వంకే చూసుకుంటున్నాడు.

"మేడమ్, వచ్చే నెల పన్నెండున మా సిటిజన్‌షిప్ ప్రమాణం. పిల్లలిద్దరికీ తెల్ల గౌన్లు కూడా కొన్నాం. పోలీసు కేసైతే ఆగిపోతుందంటున్నారు. నిజమేనా?"

అబద్ధం చెప్పాలనిపించింది మోయిరాకు. చెప్పలేకపోయింది.

"నిజమే."

అతను ముఖం తుడుచుకుని నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఈ వీధివాళ్లు నేను లేకపోతే చెత్తడబ్బా కూడా బయట పెట్టుకోలేరు మేడమ్. మంగళవారం చెత్తబండి. నేను లేను. పదకొండు ఇళ్లలో పదిళ్లవాళ్లు పెట్టనేలేదు. మిసెస్ థర్లో గారొక్కరే పెట్టారు పాపం, అదీ తిప్పి! పిడి రోడ్డు వైపుకి. అలా పెడితే బండికున్న ఇనప చెయ్యి డబ్బాను ఎత్తలేదు కదా. డ్రైవరు చీటీ అతికించి పోయాడు."

"నువ్వేం చేశావు?"

"మళ్లీ సందులోకి తోసేశా. ఆవిడకు చెప్పలేదు, సిగ్గుపడతారని."

మోయిరా కూడా నవ్వింది. అది మాత్రం పుస్తకంలో రాసుకోలేదు.

మధ్యాహ్నం 12.20. పద్నాలుగో నంబరు.

బ్రెట్ కవానా బాత్రూమ్ కుళాయిలు అమ్మి కోట్లు గడించాడు. రెండేళ్ల కింద ఇల్లు కొని, పాతది కూల్చి, మూడంతస్తులు లేపాడు. వీధిలో పాతకాపులు అతన్ని 'కుళాయిల కవానా' అంటారు, అతను లేనప్పుడు.

"ఆ గుడ్డ పీకించండి ముందు! వచ్చే శనివారం ఇల్లు వేలంలో అమ్ముతున్నా. కొనేవాడొచ్చి ఏం చూస్తాడు? 'చెట్టును చంపారు' అనా?"

"చంపింది నువ్వేనని అంటారని భయపడి ఉత్తరం రాశావా?"

"రాస్తే తప్పేంటి? డ్రిల్లు దొరికింది కదా!"

"సియోనేకి చెట్టు చస్తే ఏం లాభం?"

"ఎవరో డబ్బులిచ్చి ఉంటారు."

"ఎవరు?"

బ్రెట్ కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

"చూడండి మేడమ్, ఆ గుడ్డ సంగతి ఈ వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఇంతకుముందు రెండుసార్లు కట్టారు. నేనే చంపితే నా కిటికీకి నేనే తెర కట్టుకున్నట్టు కాదూ? నాకంత బుర్ర లేదా?"

ఉంది. మోయిరాకు ఆ మనిషి నచ్చలేదు గానీ, మాట మాత్రం నచ్చింది.

మధ్యాహ్నం 2.00. పన్నెండో నంబరు.

ఇమొజెన్ థర్లోకు డెబ్భై ఎనిమిది. తాత కట్టిన ఇల్లు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వంశమని కొందరు ఎద్దేవా చేస్తారు గానీ, ఆవిడ ఆదివారం ఆదివారం వాలంటీర్లను వెంటేసుకుని ఒడ్డున కలుపు పీకి మొక్కలు నాటుతుంది. పిచ్చి చెట్లకు రంధ్రాలు చేసి మందు పోయడం కూడా వాళ్ల పనే. పనమ్మాయి వచ్చేది శనివారాలేనట, అందుకే టీ తనే పోసింది. ఎండుపళ్ల కేకు తనే కోసింది.

"పాపం ఆ చెట్టు" అంది. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి.

పట్టపగలు రెండింటికి ముందుగదిలో దీపం వెలుగుతోంది. మోయిరా కిటికీలోంచి చూసింది. ఎదురుగా బ్రెట్ ఇంటి తెల్ల గోడ. అందులో బాత్రూమ్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"రెండేళ్ల కిందటిదాకా ఈ కుర్చీలోంచి ఫెర్రీ కనబడేదమ్మా. మా ఆయన చివరి రోజుల్లో ఇక్కడే కూర్చునేవాడు. వచ్చే ఫెర్రీ, పోయే ఫెర్రీ లెక్కపెట్టేవాడు. ఆ గోడ లేవనివ్వొద్దని పద్నాలుగు ఉత్తరాలు రాశాను మీ కౌన్సిల్‌కి. ఒక్కదానికి జవాబొచ్చింది. నీడ పడితే అభ్యంతరం చెప్పొచ్చట, కిటికీలోంచి నీళ్లు పోతే చెప్పకూడదట."

"సియోనే మీద ఉత్తరానికి మీరూ సంతకం పెట్టారు."

"అందరూ పెట్టారు కదమ్మా."

"అతనే చేశాడంటారా?"

ఇమొజెన్ కప్పులో చెంచా గిరగిరా తిప్పింది. ఆవిడ చక్కెర వేసుకోలేదు.

"ఆ గుడ్డ ఎన్నాళ్లుంచుతారు?"

"మొక్క ఎదిగేదాకా. ఏడేళ్లో, ఎనిమిదేళ్లో."

"అలాగా" అంది ఇమొజెన్. ఇంకో కేకు ముక్క పెట్టింది.

మధ్యాహ్నం 3.35.

మోయిరా కారులో కూర్చుని చల్లారిపోయిన సాసేజ్ రోల్ తింటోంది. మోకాలు సలుపుతోంది. వీధిలో అందరూ మంచివాళ్లే, చెట్టు కోసం అందరూ ఏడ్చినవాళ్లే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం! ఇంటికెళ్లి పడుకుంటే ఎవరు కాదంటారు? కాదనేది ఎవరో ఆమెకు తెలుసు. రెండు తెల్ల గౌన్లు.

చెట్టు పోతే ఎవరికి లాభం? ఆరేళ్లుగా ప్రతి కేసులోనూ ఆమె వేసుకున్న ప్రశ్న అదే.

నమలడం ఆపింది.

మరి గుడ్డ వస్తే ఎవరికి లాభం?

సాయంత్రం 4.05.

పన్నెండో నంబరు పక్క సందు. నైజెల్, బ్రెట్, సియోనే. గుమ్మంలో ఇమొజెన్. మధ్యలో ఎర్రమూత చెత్తడబ్బా. దాని మీద డ్రైవరు చీటీ: మంగళవారం, 6.42, తిప్పి పెట్టారు.

"ఇదేంటి మోయిరా?" అన్నాడు నైజెల్ ముక్కు మూసుకుని.

"సాక్షి. మిసెస్ థర్లో, మీరు చెత్తడబ్బా ఎన్నిసార్లు బయట పెట్టి ఉంటారు, పుట్టి బుద్ధెరిగాక?"

ఇమొజెన్ సియోనే వైపు చూసింది.

"తొమ్మిదేళ్లలో ఒక్కసారీ లేదు" అన్నాడు సియోనే మెల్లగా. అప్పటికే అతని ముఖం మారిపోయింది.

"సోమవారం రాత్రి పెట్టారు. సియోనే లేడు, శనివారందాకా పనమ్మాయి రాదు. ఇంట్లో ఉంచుకోలేనిదేదో ఉంది, తెల్లారేసరికి బండెక్కి పోవాలి. కానీ పిడి ఎటు ఉండాలో మీకు తెలీదు. ఎలా తెలుస్తుంది? బుధవారం డబ్బా సందులోకి వచ్చేసింది కాబట్టి ఖాళీ అయిందనుకున్నారు. మూత ఎత్తి చూసే అలవాటు ఈ వీధిలో ఎవరికీ లేదు."

"ఆగాగు" అన్నాడు నైజెల్. "లోపల ఏదున్నా, బుధవారం సియోనేనే వేసి ఉండొచ్చుగా?"

"చీటీ చూడు."

నైజెల్ వంగి చూశాడు. సగం మూత మీద, సగం డబ్బా మీద అతికించి ఉంది. ఎక్కడా చిరగలేదు.

"మంగళవారం 6.42 తర్వాత ఈ మూత ఎవరూ ఎత్తలేదు. అప్పటికి సియోనే నాలుగొందలమంది మధ్య పాటలు పాడుతున్నాడు."

మోయిరా చీటీ చించి మూత ఎత్తింది. గుప్పున కంపు కొట్టింది. వార్తాపత్రికలో చుట్టిన పొట్లం. విప్పింది. కలుపు మందు ఖాళీ సీసా. వాలంటీర్ల ఆకుపచ్చ చేతితొడుగులు, వేళ్ల చివర ఎర్రటి జిగురు.

"కానీ ఆవిడకు చెట్టు అడ్డం కాదే!" అన్నాడు బ్రెట్. "ఆవిడకు అడ్డం..."

అతని చూపు తన ఇంటి తెల్ల గోడ మీద పడింది.

"నీ ఇల్లు" అంది మోయిరా. "ఎదుటివాడికి అపశకునం కావాలని తన ముక్కు కోసుకోవడమంటే ఇదే. చెట్టు చస్తే నీ కిటికీల ముందు గుడ్డ లేస్తుంది, అదీ వేలానికి వారం ముందు. నీళ్లు పోవడమంటే ఏమిటో నీకు తెలియాలి."

ఇమొజెన్ గుమ్మం పట్టుకుంది.

"ఆ చెట్టంటే నాకు ప్రాణం" అంది. "తొమ్మిది రంధ్రాలు చేసేసరికి తెల్లారిపోతుందనుకున్నా. ఈ బ్రెట్‌నే పట్టుకుంటారనుకున్నా మోయిరా. సియోనేని అంటారని కలలో కూడా అనుకోలేదు, ఒట్టు."

"అన్నారుగా. గంటలో అన్నారు. అప్పుడెందుకు సంతకం పెట్టారు?"

"నేనొక్కదాన్నే పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదని అడుగుతారు కదా."

బ్రెట్ గొంతు సవరించుకున్నాడు.

"అయితే గుడ్డ తీసేస్తారా?"

"రూలు రూలే" అన్నాడు నైజెల్. "మొక్క ఎదగాలి."

సాయంత్రం 5.10.

పోలీసులకు ఫైలు వెళ్లింది, వేరే పేరుతో. సియోనే తన సామానంతా ఆ గ్యారేజీలోంచి బండిలోకి ఎక్కించుకున్నాడు. ఇమొజెన్ ఒకసారి బయటికొచ్చి "సియోనే" అని పిలిచింది. అతను వినిపించనట్టు తాడు బిగించుకున్నాడు. ఆవిడ లోపలికెళ్లిపోయింది.

"పన్నెండో తారీఖుకి ఏ అడ్డూ లేదు" అంది మోయిరా. "ఉత్తరం వెనక్కి తీసుకోమని పదిమందినీ అడిగాను. లాయర్‌ని కనుక్కుని చెబుతారట."

సియోనే తలూపాడు. జేబులోంచి బరువైన తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ప్రతి తాళానికీ ఓ ముక్క టేపు, దాని మీద ఇంటి నంబరు.

"వీధివాళ్లవి. మీరే ఇచ్చేయండి మేడమ్. నేనింక ఆ గుమ్మాలెక్కను."

మోయిరా నంబర్లు చూసుకుంది.

"పన్నెండో నంబరు లేదే? ఆవిడ నమ్మి నీకు తాళం ఇవ్వలేదా?"

"అది కాదు మేడమ్" అన్నాడు సియోనే. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నేనొచ్చే రోజుల్లో ఆవిడ వెనక తలుపు తీసే ఉంచేవారు. తాళంతో పనేముందనేవారు."

బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. మోయిరా తాళాలు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.