ఏమీ రానోళ్ళ పుస్తకం

"ఏమప్పా, మీ షాపులో అన్నీ వచ్చినోళ్ళకేనా పుస్తకాలు? ఏమీ రానోళ్ళకు లేవా?"

అశ్విని నాతో అన్న మొదటి మాట అది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మా పుస్తకాల షాపులో, కంప్యూటర్ పుస్తకాల అర ముందు నిలబడి ఉంది. చేతిలో ఇటుకంత ఇంగ్లీషు పుస్తకం. అది నేనే రాసినట్టు నా వైపు కోపంగా చూసింది. నాలుగేళ్ళుగా ఆ షాపులో పని చేస్తున్నాను, ఎవరు చూసినా నా చేతిలోంచి పెన్ను జారింది లేదు. ఆ రోజు జారింది.

"ఏం నేర్చుకోవల్ల మేడమ్?"

"వెబ్ డిజైన్ సాఫ్ట్‌వేర్. మూడు వారాల్లో రావల్ల."

"ఫోన్‌లో వీడియోలు వస్తాయి కదా."

"ఫోను మా చిన్నమ్మది. ఆమె సీరియళ్ళు అయినాకే నా చేతికొస్తాది. అప్పటికి డేటా అయిపోయింటాది."

డిగ్రీ చదవడానికి వచ్చి బుక్కరాయసముద్రంలో చిన్నమ్మ ఇంట్లో ఉంటోందట. చదువు అయిపోయింది. ఊళ్ళో వెబ్‌సైట్లు చేసే ఆఫీసొకటి ఇద్దరిని తీసుకుంటోంది, కంప్యూటర్ మీదే టెస్టు.

"అది పోతే మా నాయన సోమందేపల్లెకు పిల్చుకొని పోతాడు. చెనిక్కాయ పంట రెండేండ్లుగా ఎండిపాయ. గార్మెంట్స్‌లో చేరమంటాడు. ఆ కుట్టు మిషన్ ముందర కూసుంటే ఇంక లేసేది లేదన్నా. మా అక్కను చూస్తానే ఉండా."

ఆ 'అన్నా' దగ్గర నాకు మనసు కొంచెం చివుక్కుమంది.

అరలో ఆమెకు పనికొచ్చేవి రెండే ఉన్నాయి. ఒకటి పోయినేడు అచ్చయిన పల్చటి ఇంగ్లీషు పుస్తకం. రెండోది తెలుగుది, ఎనిమిదేళ్ళ నాటిది. రెండింటి లోపలి పేజీలో సంవత్సరం చూశాను. చూడలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

తెలుగు పుస్తకం నాకు అట్ట నుంచి అట్ట దాకా నోటికి వచ్చు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నిలబడి చదివిందే. ఇంగ్లీషుదాన్ని తెరిచింది కూడా లేదు. తెలుగుది ఇస్తే ఆమెకొచ్చే సందేహాలన్నీ నేను తీర్చగలను. తీర్చాలంటే ఆమె మళ్ళీ రావాలి. నా బుద్ధి అంతదూరమే పనిచేసింది.

"ఇది తీస్కోండి. పేజీకొక బొమ్మ, పాఠం చివర అభ్యాసం. మెనూ పేర్లు ఇంగ్లీషులో, చెప్పేది తెలుగులో. ఏమీ రానోళ్ళకు ఇంతకన్నా మంచిది లేదు."

"పాతది మాదిరి ఉండాది."

"అట్ట పాతది. లోపల ఉండేది ఏం మారతాది?"

"నిజమేనా?"

"అర్థం కాకపోతే రండి. చెప్తా."

వచ్చింది. ఆ శనివారం, పై శనివారం, ఆ పై శనివారం కూడా. మా ఇద్దరికీ కంప్యూటర్ లేదు. నెట్ సెంటర్‌లో గంటకింతని కట్టడానికి ఆమె దగ్గర డబ్బుల్లేవు, నేనా మాటే ఎత్తలేదు. తెల్ల కాగితం మీద నేను స్క్రీన్ గీసేవాణ్ణి, ఆమె వేలితో నొక్కేది.

"ఇప్పుడు సేవ్ చెయ్."

వేలు ఎడమ పక్క పై మూలకు పోయేది.

"బొమ్మ పెట్టు."

ఒకసారి ఇద్దరి వేళ్ళూ ఒకే మెనూ మీద పడ్డాయి. ఏ మెనూనో ఇద్దరమూ మర్చిపోయాం. మా ఓనరు ఈశ్వరప్ప లేని దగ్గు దగ్గాడు.

"ఇన్ని నీకు యాడ వచ్చినాయి?" అని అడిగింది. అప్పటికే 'అన్నా' పోయింది, 'నువ్వు' వచ్చింది.

"ఊరికే వచ్చినాయి."

జన్మలో మౌస్ పట్టలేదని చెప్పడానికి నోరు రాలేదు.

మూడో శనివారం మబ్బు పట్టింది. ఇద్దరం షాపు మెట్ల మీదికొచ్చి నిలబడ్డాం. నాలుగు చినుకులు పడ్డాయి. ఒకటి ఆమె బుగ్గ మీద పడితే తుడుచుకోకుండా అట్లాగే పెట్టుకుంది. అంతలో గాలి లేచి మబ్బంతా తాడిపత్రి వైపు కొట్టుకుపోయింది.

"మా నాయన గూడా ఇప్పుడు ఆకాశమే చూస్తాంటాడు," అంది.

టెస్టు అయిన మరుసటి రోజు వచ్చింది. పుస్తకం గల్లా పెట్టె పక్కన పెట్టింది. మొహంలో రక్తం లేదు.

"తెరిస్తే మనం గీసింది ఒక్కటీ లేదు. ఎడమ పక్క ఉండాల్సిన డబ్బా లేదు, పైన ఉండాల్సిన పేర్లు లేవు. పక్కనుండే పాప టకటకా కొడతాంది. నేను గంటసేపు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూసున్నా. లేస్తే అందరూ చూస్తారని కూసున్నా."

నా చూపు పుస్తకం అట్ట మీదికి పోయింది.

"సార్ వచ్చి యా పుస్తకం చదివినావమ్మా అనె. పేరు చెప్తి. అది మారి ఏండ్లయింది తల్లీ అనె." పుస్తకాన్ని నా వైపు జరిపింది. "నీకు తెల్దు కదా?"

తెలీదని ఒక్క మాట అంటే చాలు. ఆమె నమ్మడానికి సిద్ధంగా ఉంది.

"తెల్సు," అన్నాను. "ఇంగ్లీషుది కొత్తది. దాంట్లో నాకేం రాదని ఇయ్యలేదు. నేను కంప్యూటర్ ముట్టింది గూడా లేదు."

"మళ్ళ ఇది ఏమిటికి ఇచ్చినావు?"

"నువ్వు మళ్ళీ రావల్లని."

తిట్టలేదు. తిట్టినా, ఏడ్చినా బాగుండేది. మెట్లు దిగి పోయింది. వారం తిరిగేలోపు నాయన వచ్చి ఊరికి తీసుకుపోయాడని తెలిసింది.

ప్రేమంటే ఇవ్వడం అంటారు. నేను ఆమె బతుకు తీసేసుకున్నాను, మూడు శనివారాల కోసం. అన్నం సయించలేదు. ఆ అర వైపు చూడాలంటే సిగ్గేసేది.

చివరికి ఆ ఇంగ్లీషు పుస్తకం కొనుక్కుని, అన్నం వేళ నెట్ సెంటర్‌కు పోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు మౌస్ ఎట్లా పట్టుకోవాలో పక్కనున్న పిల్లవాణ్ణి అడిగాను. ఒక్కో పాఠం చేసి, వచ్చాక, ఆ పేజీ అంచున తెలుగులో రాసేవాణ్ణి. నెల పట్టింది.

సోమందేపల్లెలో హైవే పక్కన పొద్దున్నే గార్మెంట్స్ బస్సు ఆగుతుంది. క్యారియర్లు పట్టుకున్న ఆడవాళ్ళ మధ్య అశ్విని ఉంది, మెడలో ఐడీ కార్డుతో. బాగా చిక్కింది.

"ఏమిటికి వచ్చినావు?"

పుస్తకం ఇచ్చాను. పేజీలు తిప్పింది.

"ఇదంతా ఎవురు రాసిరి?"

"నేనే. చేసి చూసినాకే రాసినా. పదో పాఠం నాకు రాలేదు. అందుకే ఆడ ఏం రాయలేదు."

"ఇప్పుడు దీంతో ఏం చేసేది? ఉద్యోగం పాయ. ఈసారి విత్తనమే ఎయ్యలేదు. నా జీతంతోనే ఇల్లు నడుస్తాంది."

"తెల్సు. నీకు మొగం చూపిచ్చేకి గూడా నాకు అర్హత లేదు. అయినా చెప్పిపోదామని వస్తి. నువ్వంటే నాకిష్టం అశ్వినీ."

పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

"ఇది యా పుస్తకంలో చదివినావు?"

"యాడా చదవలేదు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కేసింది, వెనక్కి చూడలేదు. అయిపోయిందనుకున్నాను. బస్సు కదిలే ముందు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఆదివారం సెలవు నాకు. పెనుకొండలో నెట్ సెంటర్ ఉండాది. పదో పాఠం ఇద్దరికీ రాదు కదా, ఆడికి రా."

ఆ రోజు ఇంకా సోమవారమే.